చెయ్యి తిరిగినవాడు

రెండు రేడియో సెట్లనూ పక్కపక్కన పెట్టాలంటే కుట్టుమిషనును గోడవైపు జరపాల్సి వచ్చింది. అతనొకవైపు, భార్య ఒకవైపు పట్టుకుని జరిపారు. ఆమె బల్లమీది దారపు పోగుల్ని అరచేత్తో ఊడ్చేలోగానే అతను పెద్ద అట్టపెట్టె మూత చింపేశాడు.

వాళ్ళ పాత సెట్టు కిందటివారం చచ్చిపోయింది. సాయంత్రం ఆమె వాడుతూ ఉండగా వెనకనుంచి కాలిన వాసన వచ్చింది, సన్నగా పొగ లేచింది, అంతే. రేడియో సామాను అమ్మే షాపాయన దాన్ని విప్పి చూసి, ఆ భాగాలు ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదన్నాడు. ఆయనా వీళ్ళ క్లబ్బు మనిషే. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని, డాబామీద తీగ కట్టి, ఎక్కడెక్కడి వాళ్ళతోనో కబుర్లాడే సరదా ఉన్నవాళ్ళ క్లబ్బు అది. ఆ చనువుతో రెండు సెట్లు చేతికిచ్చి, వారంపాటు వాడి చూసుకోమని, శనివారం ఒకటి ఉంచేసుకుని రెండోది తెచ్చిచ్చేయమని చెప్పాడు.

"ఏది మంచిదో మీకు నేను చెప్పేదేముంది. మోర్సులో మీ అంత చెయ్యి తిరిగినవాడు మన క్లబ్బులోనే లేడు" అని కూడా అన్నాడు.

"ఏదోలెండి" అని అతను నవ్వాడు. భార్య పక్కనే వైర్ల సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

మోర్సులో గొంతు పని లేదు. మీట నొక్కుతూ పొట్టి కూతలు, పొడుగు కూతలుగా ఒక్కొక్క అక్షరమే పంపాలి. ఎవరి నొక్కుడు వాళ్ళది, చేతిరాతలాగ. దాన్ని వాళ్ళలో వాళ్ళు 'చెయ్యి' అంటారు. ఈ ఇంటినుంచి వెళ్ళే చెయ్యి క్లబ్బులో అందరికీ తెలుసు. అది ఆమెది. కానీ లైసెన్సు అతని పేరున ఉంది. అతను ఇంట్లో ఉన్నంతసేపు ఆమె కూడా సెట్టు వాడొచ్చు. వాడినప్పుడు ముందుగా చెప్పుకునే కాల్‌సైన్ అనే అక్షరాల గుర్తు మాత్రం అతనిదే. వినేవాళ్ళకి గుర్తు వినబడుతుంది గాని నొక్కే వేళ్ళు కనబడవు కదా.

అతను మోర్సు పరీక్ష చెమటలు కక్కుతూ పాసై, ఆ మర్నాటినుంచే మైకు పట్టుకున్నాడు. అతను గదిలో బట్టీ కొడుతున్నప్పుడు ఆమె పక్కన ఆసుపత్రి గౌన్లు కుడుతూ వింది. అతనికి రానిది ఆమెకి అలా ఊరికే వచ్చేసింది.

పెద్ద సెట్టుకి రంగుల తెర ఉంది. స్విచ్చి వెయ్యగానే నీలంమీద పచ్చటి చారలు పైనుంచి కిందకి జారడం మొదలుపెట్టాయి. ఒక్కో చార ఎక్కడో ఒకరు మాట్లాడుతున్నట్టు. అతను కుర్చీ ముందుకి లాక్కుని, వేలితో తెర తాకి, ఒక చారనుంచి ఇంకో చారకి గెంతుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆమె దానికి 'టీవీ' అని పేరు పెట్టింది. చిన్న సెట్టుకి తెరా లేదు గిరా లేదు. అంకెలు కనబడే కిటికీ, ఆ అంకెల్ని మార్చడానికి తిప్పే ఒక పెద్ద మర, నాలుగు బొత్తాలు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మునివేళ్ళతో మరను వెంట్రుకవాసి తిప్పింది, ఆపింది, ఇంకాస్త తిప్పింది.

"దీంట్లో నిశ్శబ్దం బాగుందండీ" అంది.

"నిశ్శబ్దం కావాలంటే సెట్టెందుకు, ఆపేసుకుంటే పోలా" అన్నాడతను.

ఆమె నవ్వలేదు. ఎవరో దొరికినట్టున్నారు. మొహంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది, కుడిచెయ్యి మీటమీదికి పోయింది. ఎవరో అతను అడగనక్కర్లేదు. ఓడాయన. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి మానేసిన మనిషి, ఏ తీరంలోనో ఉంటాడు. సాయంత్రం అయ్యేసరికి రేడియోలో ఒకే అంకె దగ్గర కాచుకుని ఉంటాడు. వారంరోజులుగా వినబడకపోతే ఏమైపోయారని కంగారు పడ్డాట్ట. ఆ మాట ఆమె తర్వాత బట్టలు మడతపెడుతూ చెప్పింది. కంగారు పడటానికి ఆయనెవరని అతను మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం, "ఆయనకెన్నేళ్ళుంటాయి?" అన్నాడు.

"అడగలేదు" అంది ఆమె.

అతనికి ఇంకో సంగతి తట్టింది. సెట్టు ముందు కూర్చోబోయే ముందు ఆమె జడ వేసుకుంది. గాల్లో జడ కనబడదు కదా.

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. సోమవారం ఒక పాత ఆఫీసు భవనంలో పని. అతను లిఫ్టు పైకప్పుమీద గొంతుక్కూర్చుని, చీకటి గొయ్యిలో నిలువుగా దిగిన పట్టాలకి గుడ్డతో గ్రీజు రాస్తున్నాడు. బావమరిది, అంటే ఆమె తమ్ముడు, అతని దగ్గరే పని చేస్తాడు. పై అంతస్తు తలుపు సందులోంచి లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆగి ఆగి అతను, మీ అక్క ఓడాయన సంగతి నీతో ఎప్పుడైనా అన్నదా అని అడిగాడు.

"అక్క నాతో గుండీల సంగతే చెప్పదు, ఓడల సంగతి చెప్తుందా" అన్నాడు బావమరిది. లైటు ఇటు తిప్పి, "ఏం బావా, కుళ్ళా?" అన్నాడు.

"కుళ్ళేంటి. ఊరికే అడిగా."

"ఊరికే అడిగేవాడివి ఒక్కచోటే అంతసేపు గ్రీజు రాయవు బావా."

అతను చూసుకున్నాడు. పట్టామీద అక్కడ గ్రీజు ముద్దలా పేరుకుపోయింది. గుడ్డతో గీకి డబ్బాలో వేసి, లిఫ్టుని కిందికి దింపమన్నాడు.

భోజనాల వేళ మెట్లమీద కూర్చుని ఫోనులో పెద్ద సెట్టు వివరాలన్నీ చదివాడు. ఎంత దూరం వెళ్తుంది, ఎంత వేడెక్కుతుంది, తీగ ఎలా కలపాలి. చివర్లో ఎక్కడో ఒక చిన్న పేరా ఉంది. ఆ సెట్టు మోర్సు కూతల్ని విని వాటిని అక్షరాలుగా మార్చి తెరమీద చూపిస్తుందట. అతను ఆ పేరా రెండుసార్లు చదివాడు. చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. ఏ సెట్టు ఉంచుకోవాలో ఆ నిమిషంలో తేలిపోయింది.

మంగళవారం సాయంత్రం, ఈ సెట్టు కూడా పంపి చూడాలి కదా, లేకపోతే తేడా ఎలా తెలుస్తుందని అతనే మాట కదిపాడు. పెద్దదాన్ని బల్ల చివరకి, తన కుర్చీ వైపు తిప్పి పెట్టాడు. మీటకీ హెడ్‌ఫోన్లకీ పొడుగు వైర్లు తగిలించి ఆమె ముందు పెట్టాడు. కొత్తది కదా, వేడెక్కుతుందేమో నేను చూస్తూ ఉంటానన్నాడు. ఆమె సరేనంది. చేతిలో గౌనుకి చివరి కుట్టు వేసి, మిషను ఆపింది. అది తిరుగుతుంటే దాని మోటారు గోల రేడియోలో పడుతుంది.

ఆమె ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. మీట టకటకలాడింది. అతను తెరమీద వేలు పెట్టి ఆ చిన్న పేరాలో చెప్పిన బొత్తాం నొక్కాడు.

అక్షరాలొచ్చాయి. ఒక్కొక్కటే, ఎవరో లోపల కూర్చుని టైపు కొడుతున్నట్టు వరసగా వచ్చాయి. ఆమె పంపినవన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు, తడబాటు లేదు. ఓడాయన వంతు వచ్చేసరికి తెర పిచ్చిదైపోయింది. ఆయన చెయ్యి వణుకుతుందో, ఆ పాత ఓడల నొక్కుడే అంతో, సెట్టుకి అంతుపట్టలేదు. చుక్కలు, గీతలు, అర్థంలేని అక్షరాల పోగు. అదంతా వింటూ ఆమె మాత్రం తల ఊపుతోంది. ఒకసారి పెదవి కొరుక్కుంది. తెరమీద ఏమీ లేనప్పుడు నవ్వింది.

అతనికి దక్కింది సగమే.

'తెలియదు. ఇంకా చెప్పలేదు.'

తర్వాత పిచ్చి అక్షరాలు.

'భయం కాదు. బాధపడతారు.'

మళ్ళీ పిచ్చి అక్షరాలు, చాలాసేపు.

'శనివారం పదకొండింటికి. ఆయన షాపుకి వెళ్తారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.'

'ఇన్నాళ్ళు ఆగాను. నాలుగురోజులు ఆగలేనా.'

అతని చెవులు వేడెక్కాయి. సెట్టు ఎలా ఉందని ఆమె హెడ్‌ఫోన్లు తీసి అడిగితే, "చల్లగానే ఉంది" అన్నాడు. అప్పటికే తెర మార్చేశాడు. చారలు జారుతున్నాయి.

మొత్తం విని ఉంటే ఏమనుకునేవాడో గాని, ఆ సగం అతన్ని వదల్లేదు. పని చేస్తున్నా, స్నానం చేస్తున్నా రెండో సగాన్ని తనే రాసుకుంటూ పోయాడు. 'మీ ఆయనకి తెలుసా?' 'భయపడుతున్నావా?' 'మనం ఎప్పుడు?' బుధవారంనాడు ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు బ్రేకు బిగించి, బిగించానా లేదా అని సగం దారినుంచి వెనక్కి వెళ్ళి చూసుకున్నాడు. ఇంట్లో ప్రతిదానికీ పుల్లవిరుపు మాటలు మొదలుపెట్టాడు. చొక్కా గుండీ ఊడిందని ఒకసారి, ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ కుడతావు గాని అని ఇంకోసారి. చిన్న సెట్టు దుమ్ము పట్టే డబ్బా అన్నాడు. దాన్ని కొనేవాడికి కళ్ళైనా ఉండకూడదు, బుర్రైనా ఉండకూడదన్నాడు. ఆమె సాయంత్రాలు చిన్నదానితోనే కూర్చుంది.

గురువారం అన్నం తింటూ, శనివారం షాపుకి మీ తమ్ముణ్ణి పంపిద్దాం, నాకు ఒళ్ళు బాగోలేదన్నాడు. అని, ఆమె మొహంవైపు చూశాడు. వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగింది.

"షాపాయన మీకోసం చూస్తుంటాడేమో" అంది ఆమె, నెమ్మదిగా.

ఇంకేం కావాలి. అతను కంచం పక్కకి జరిపేశాడు.

శుక్రవారం అతను ఇంటికొచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని, తప్పు పడిన కుట్టు బ్లేడుతో విప్పుతోంది. అతను చెప్పులు కూడా విప్పలేదు.

"నాకు తెలియనిది ఏమిటి?" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"చెప్తే నేను బాధపడేది ఏమిటి? రేపు పదకొండింటికి ఏమిటి?"

ఆమె పెద్ద సెట్టువైపు చూసింది, అతనివైపు చూసింది. బ్లేడు కిటికీ గట్టుమీద పెట్టింది. "చదివారా?" అంది.

"గాల్లోకి పంపింది ఎవరైనా వినొచ్చు. అందులో రహస్యం ఏముంది?"

"వినొచ్చు. మీరు వినలేదు, చాటుగా చదివారు. నన్నడగొచ్చు కదా."

"అడిగితే చెప్పేదానివా?"

 "లేదు" అంది. "రేపు సాయంత్రం చెప్దామనుకున్నాను, అయిపోయాక." గౌను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, తనకి లైసెన్సు వచ్చిందని చెప్పింది. పరీక్ష రాసింది. దారం, గుండీలు కొనుక్కొస్తానని వెళ్ళినరోజున. ఏం చదవాలో ఓడాయనే సాయంత్రాలు చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తన గుర్తు తనకుంది. రేపు, అతను ఇంట్లో లేనప్పుడు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, మొదటిసారి తన గుర్తుతో పిలవాలనుకుంది. వినడానికి ఆయన వస్తానన్నాడు.

అతనికి గుండెమీంచి బరువు దిగినట్టయింది. దిగీ దిగకముందే ఇంకోటి వచ్చి కూర్చుంది. "ముక్కూ మొహం తెలియని వాడికి చెప్పావు. నాకు చెప్పలేదు."

"షాపాయన మిమ్మల్ని చెయ్యి తిరిగినవాడు అన్నాడు" అంది ఆమె. "నేను పక్కనే ఉన్నాను. మీరు 'ఏదోలెండి' అన్నారు. ప్రతిసారీ అంతే అంటారు. ఆ మాట మీకు ఇష్టం. నా గుర్తు నాకొస్తే ఆ మాట మీకు పోతుంది. అది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు."

గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బ్లేడు తీసుకుని మళ్ళీ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. అతను చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాడు. సెట్టు ఏది ఉంచుదామని తర్వాత అతను అడిగితే, మీ ఇష్టం అంది. ఆ 'మీ ఇష్టం'లో కోపం ఉందో లేదో పోల్చుకోలేకపోయాడు.

శనివారం పొద్దున్నే అతను పెద్ద సెట్టుకి అట్టముక్కలు చుట్టి పెట్టెలో దించాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. "డబ్బాయే ఉండనీ" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. మంచితనంతో చేశానని దారిలో తనకి తను చెప్పుకున్నాడు. కానీ పదకొండు ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఆమె కొత్త గుర్తుతో పిలిచే మొదటి పిలుపుకి ఆ ఓడాయన జవాబిస్తాడు. ఆ గుర్తుతో మాట్లాడినవాళ్ళ లెక్కలో మొదటివాడు ఆయనవుతాడు. అది మాత్రం అతనికి గొంతులో ముల్లులా ఉంది.

షాపులో శనివారం కబుర్లకి చేరే క్లబ్బువాళ్ళు ముగ్గురు నలుగురున్నారు. షాపాయన సెట్టుని అరలో పెట్టేముందు ఒకసారి నడిపి చూద్దామని, మేడమీది తీగనీ, బల్లమీదున్న మీటనీ దానికి తగిలించాడు. ఏ సెట్టు ఉంచుకున్నారో తెలిసి ఆశ్చర్యపోయాడు. అయినా మోర్సు మనిషికి తెర ఎందుకులెండి అని తనే సమాధానం చెప్పుకున్నాడు. అతను అక్షరాలు చూపించే బొత్తాం నొక్కి, మర తిప్పి, ఇంట్లో సాయంత్రాలు అంకెలు ఎక్కడ నిలిచేవో అక్కడ నిలిపాడు.

పదకొండింటికి కూతలు మొదలయ్యాయి. ఇల్లు ఊళ్ళోనే కాబట్టి గంట కొట్టినంత గట్టిగా వినబడ్డాయి. అందరినీ పిలిచే పిలుపు, ఆ వెంటనే ఒక గుర్తు. ఆ గుర్తు షాపులో ఎవరూ ఎన్నడూ వినలేదు. కానీ చెయ్యి అందరికీ తెలుసు. కబుర్లు ఆగిపోయాయి. షాపాయన స్పీకరువైపు చూశాడు. తర్వాత అతనివైపు చూశాడు.

"ఇది మీ చెయ్యి కదండీ" అన్నాడు. "మీరిక్కడున్నారు."

అతను కిందికి చూశాడు. ఏదోలెండి అనడానికి కూడా చోటు లేదు. "మా ఆవిడ" అన్నాడు. "మొదట్నుంచీ ఆవిడే."

 ఈలోగా పిలుపు రెండోసారి వచ్చింది, ఆగింది. ఆగీ ఆగగానే ఎక్కడినుంచో సన్నగా, అలలమీద ఊగినట్టు, వణుకుతున్న ఇంకో చెయ్యి జవాబు మొదలుపెట్టింది.

అతను ఆలోచించలేదు. బల్లమీది మీటని ముందుకి లాక్కుని నొక్కాడు. తెరమీద కనబడుతున్న ఆమె కొత్త గుర్తుని చూసి చూసి ఒక్కొక్క అక్షరమే పంపాడు. పొట్టి కూత ఎక్కడ పొడుగైందో, పొడుగు ఎక్కడ విరిగిందో అతనికే తెలియలేదు. తన గుర్తు పంపేటప్పుడు చివరి అక్షరం తప్పుపోయి మళ్ళీ పంపాడు. తెర అదంతా విని పిచ్చి అక్షరాలు పోసింది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.  ఊళ్ళోనుంచే పంపుతున్నాడు కాబట్టి అతని గోల దూరంనుంచి వచ్చే ఓడాయన కూతల్ని పూర్తిగా ముంచేసింది. ఒకరు మాట్లాడుతుండగా మీదపడటం ఈ సరదాలో పెద్ద తప్పు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

అతను చెయ్యి తీశాడు. ఏమీ వినబడలేదు. తర్వాత ఆమె ఒకే ఒక్క మాట పంపింది. తెరమీద పడింది: 'ఆగండి.'

ఎవర్ని ఆగమందో అందులో లేదు. అతను మీట వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె పంపడం మొదలుపెట్టింది. ఎప్పుడూ పరిగెత్తే ఆ చెయ్యి నెమ్మదించింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య మనిషి నడిచి వెళ్ళేంత ఎడం. మొదట వచ్చినవి అతని గుర్తులోని అక్షరాలు. అతను తెరవైపు చూడకుండా పోల్చుకున్నాడు. తర్వాత, బట్టీ కొట్టినప్పటిదంతా తవ్వి తీస్తూ, పెదాలు కదిలిస్తూ, ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాడు. మీరు గట్టిగా వినబడుతున్నారు అంది. కూత శుభ్రంగా ఉంది అంది. తర్వాత, చెయ్యి మాత్రం అధ్వానం, రోజూ కూర్చుని నేర్చుకోవాలి అంది. షాపాయన తెరమీద అది చదివి గట్టిగా నవ్వేశాడు. అతనికీ నవ్వొచ్చింది, కళ్ళలో మంటగా కూడా ఉంది. మొదటి జవాబు మీది, సంతోషం అని పంపింది. ఇంకొకరు కాచుకుని ఉన్నారు, ఉంటానని పంపింది.

అతను కూడబలుక్కుని, సరే అని రెండు అక్షరాలు పంపాడు. అవి మాత్రం తప్పుపోలేదు.

ఆ వెంటనే ఆమె చెయ్యి మళ్ళీ పరుగందుకుంది. అటునుంచి ఆ వణుకు చెయ్యి అందుకుంది. ఒకరి మాట ముగియగానే ఒకరు, ఆగకుండా సాగిపోయారు. ఇందాకటి నవ్వు అతని మొహంలో అలాగే ఉంది గాని, లోపల ఆ పాత ముల్లు కదిలింది. పోలేదది.

షాపాయన తెరమీదికి వంగాడు. అతను చెయ్యి చాచి, అక్షరాలు చూపించే ఆ బొత్తాం ఆపేశాడు.

"అదేంటండీ" అన్నాడు షాపాయన. "ఏమంటున్నారు వాళ్ళు?"

"నాకు రాదండీ" అన్నాడతను. "అంత వేగం నాకు రాదు." కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకుని, కళ్ళు మూసుకున్నాడు.